‘మత్తు వేయమంటారా?’ అని రైతును అడగకండి: తోటి పశువైద్యులకు బహిరంగ లేఖ

పశువైద్యులకు, పశువైద్య కళాశాలల అధ్యాపకులకు, మన వృత్తి సంఘాల బాధ్యులకు,

నమస్కారం.

దూడకు కొమ్ములు పెరగకుండా కొమ్ము మొగ్గలు కాల్చడానికో, కోడెకు విత్తనాలు (వృషణాలు) నొక్కడానికో వెళ్లినప్పుడు మనలో చాలామంది అలవాటుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘మత్తు వేయమంటారా?’ వినడానికి మర్యాదగానే ఉంటుంది. పశువు వారిది, ఖర్చు వారిది, కాబట్టి నిర్ణయం కూడా వారిదే అన్న గౌరవం అందులో కనిపిస్తుంది. ఆ మర్యాదకు మూల్యం చెల్లించేది దూడ అని గుర్తు చేయడానికే ఈ లేఖ.

నా విన్నపం ఒక్కటే. ఆ ప్రశ్న అడగకండి. అడగకుండానే మత్తు వేయండి. మత్తు దిగిపోయాక పనిచేసే నొప్పి మందు కూడా ఇవ్వండి. ఆ రెండూ కలిపే మీ ఫీజు చెప్పండి.

పన్ను పీకే డాక్టరు ‘చిగుళ్లకు మత్తు ఇంజెక్షన్ కావాలా, వద్దా?’ అని రోగి వెంట వచ్చిన బంధువును అడగడు. ఒకవేళ అడిగితే, అది లేకపోయినా ఫరవాలేదు కాబట్టే అడుగుతున్నాడని ఆ బంధువు అనుకుంటాడు. రైతు అనుకునేదీ అదే. నిజంగా అవసరమైతే డాక్టరుగారే వేసేవారు కదా అనుకుని, ‘అక్కర్లేదులెండి, త్వరగా కానివ్వండి’ అంటారు. మనం ఆ జవాబు పట్టుకుని తిరిగివచ్చి, పశువు నొప్పి రైతులకు పట్టదని సమావేశాల్లో వాపోతాం.

పట్టదన్న మాట అంత నిజం కాదు. బ్రిటన్‌లో హక్స్‌లీ, వే అనే పరిశోధకులు 2000ల మధ్యలో పశువైద్యులనూ, పాడి రైతులనూ విడివిడిగా సర్వే చేశారు. పశువుల నొప్పి తగ్గించడం గురించి డాక్టర్లు తమతో తగినంతగా మాట్లాడటం లేదని ఆ రైతుల్లో సగానికి పైగా చెప్పారు. వాళ్లు అడగడం లేదని మనం, మనం చెప్పడం లేదని వాళ్లు. మధ్యలో దూడ.

సరే, అసలు నొప్పి సంగతి చూద్దాం. మత్తు లేకుండా మొగ్గ కాల్చే తీరు మనందరికీ తెలిసిందే. సుమారు 600 డిగ్రీలకు కాగిన ఇనుమును మొగ్గ చుట్టూ ఒత్తి తిప్పుతాం. దూడ ముందుకాళ్లు మడతపడి మోకాళ్ల మీద కూలుతుంది, తోక విసురుతుంది, తలను వెనక్కి గుంజుకుంటుంది. ఆ కొద్ది సెకన్లతో అంతా అయిపోయిందనుకుని మనం చేతులు కడుక్కుంటాం. అయితే చూడవలసింది కట్టు విప్పి వదిలాక. ఈగ లేకపోయినా చెవులు ఆడిస్తుంది. పదేపదే తల విదిలిస్తుంది. వెనక కాలు ఎత్తి తల గీరుకోబోయి, గిట్ట పుండు దాకా వచ్చాక ఆపేస్తుంది. కొన్ని దూడలు ఇవేవీ చేయవు. మెడ చాచి, తల దించి, పక్క దూడ కూడా తగలకుండా ఒక మూల నిలబడతాయి. ‘చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో’ అంటాం. సాయంత్రం పాలు తాగితే ఇక సందేహమే లేదు, నొప్పి లేనట్టే! పాలు తాగడం ఆకలి ఉందనడానికి రుజువు. నొప్పి లేదనడానికి అది రుజువెలా అవుతుంది?

క్రూరమృగాల నోటికి చిక్కే జంతువులు బలహీనతను బయటపెట్టవని మనమే విద్యార్థులకు చెబుతాం. పాక దగ్గరకు వెళ్లేసరికి మాత్రం అరుపు వినిపిస్తేనే నొప్పి అంటాం. ఆ మౌనాన్ని చదవడానికి ఇప్పుడు పద్ధతులున్నాయి. గొర్రె ముఖం చూసి నొప్పిని అంచనా వేసే స్కేలు 2016లో వచ్చింది. కళ్ల చుట్టూ బిగువు, దవడ కండరం గట్టిపడటం, చెవుల వాలు, పెదవుల తీరు, ముక్కు రంధ్రాల ఆకారం, ఈ అయిదింటికీ మార్కులు వేయడమే అందులో పని. శస్త్రచికిత్స తర్వాత పశువుల నడక, మేత, నిలబడే తీరు చూసి అంచనా వేసే స్కేలు అంతకు రెండేళ్ల ముందే బ్రెజిల్ నుంచి వచ్చింది. నొప్పిపై అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, నోటితో చెప్పలేకపోయినంత మాత్రాన మనిషికి గాని జంతువుకు గాని నొప్పి లేదనుకోకూడదని స్పష్టంగా రాసింది.

రక్తం కూడా అదే చెబుతోంది. న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో కెవిన్ స్టాఫర్డ్, డేవిడ్ మెల్లర్ బృందం 1990లలో కొమ్ములు తీసిన దూడల రక్తంలో, ఒత్తిడికి పెరిగే హార్మోను కార్టిసాల్ ఎలా మారుతుందో గంటగంటకూ కొలిచింది. మత్తు లేని దూడల్లో అరగంటలోపే అది ఒక్కసారిగా పెరిగి, మామూలు స్థాయికి రావడానికి ఆరు గంటలు దాటింది. స్థానిక మత్తు ఇచ్చిన దూడల్లో ఆ మొదటి పెరుగుదల కనిపించలేదు. కానీ మత్తు దిగిపోయిన వెంటనే కార్టిసాల్ మళ్లీ లేచింది. అంటే మత్తు నొప్పిని వాయిదా వేసిందన్నమాట. మత్తుతో పాటు కీటోప్రొఫెన్ అనే నొప్పి మందు కూడా ఇచ్చిన దూడల్లో ఆ రెండో పెరుగుదల దాదాపుగా లేకుండా పోయింది. ఈ ఫలితాలు వచ్చి పాతికేళ్లు దాటింది.

అందుకే మత్తు ఇస్తే చాలని అనను. స్థానిక మత్తు మందు లిగ్నోకైన్ పనిచేసేది గంట, మహా అయితే రెండు గంటలు. కాలిన గాయం నొప్పి అప్పటికి సరిగ్గా మొదలవుతుంది, మనం అప్పటికి ఇంటికి చేరుకుంటాం. దూడ కుదురుగా ఉండటం వల్ల మన పని తేలికయింది. ఆ రాత్రి దూడకు ఒరిగింది ఎంత? మెలోక్సికామ్ అనే నొప్పి మందు ఒక్క ఇంజెక్షను, కిలో బరువుకు అర మిల్లీగ్రాము చొప్పున, ఆ రాత్రినీ మర్నాటినీ చూసుకుంటుంది. చిన్న దూడల శరీరంలో ఆ మందు సగానికి తగ్గడానికే దాదాపు 26 గంటలు పడుతుంది. పాలిచ్చే వయసు కాదు కాబట్టి పాలలో మందు అవశేషాల బెడద కూడా లేదు. ఇంత సులువైన మందు మన వృత్తిలో చాలా అరుదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వారు 2013లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకు వీటన్నిటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది. దూడలకు ఒక తెర చూపించి శిక్షణ ఇచ్చారు. తెలుపు, ఎరుపుల్లో ఒక రంగు కనిపించినప్పుడు దగ్గరికి వెళితే పాలు దొరుకుతాయి. రెండో రంగు కనిపించినప్పుడు వెళితే పాలు రావు. దూడలు ఇది చక్కగా నేర్చుకున్నాయి. తర్వాత తెల్లగానూ కాక, ఎర్రగానూ కాక మధ్యలో ఉండే గులాబీ రంగులు చూపించారు. మొగ్గలు కాల్చక ముందు ఆ రంగులు చూసి పాలు దొరుకుతాయేమోనని ముందుకు వెళ్లిన దూడలు, కాల్చాక వెనక్కి తగ్గడం ఎక్కువైంది. నొప్పితో ఉన్న మనిషికి రేపటి మీద ఆశ ఎలా సన్నగిల్లుతుందో దూడకూ అలాగే జరిగిందన్నమాట. కార్టిసాల్ ఒత్తిడిని మాత్రమే చెబుతుందని వాదించేవారు ఈ గులాబీ రంగు తెరకు జవాబు చెప్పాలి.

ఇక మన నోట తరచుగా వినపడే సమర్థనలు.

‘చిన్నప్పుడే చేస్తే నొప్పి తెలియదు.’ ఇది మనుషుల వైద్యం కూడా నమ్మిన మాటే. నెలలు నిండని శిశువులకు సరైన మత్తు లేకుండా, కండరాలు కదలకుండా చేసే మందు మాత్రమే ఇచ్చి, 1980లలో కూడా ఆపరేషన్లు చేశారు. కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు 1987లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇచ్చిన శిశువుల్లో శరీరం మీద ఒత్తిడీ, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులూ తగ్గాయని చూపింది. పసిబిడ్డల విషయంలో వదిలేసిన నమ్మకాన్ని పసిదూడల విషయంలో ఎందుకు పట్టుకుని వేలాడుతున్నాం? చిన్న వయసులో చేయడం మంచిదే, కాదనను. రెండు నెలల లోపు మొగ్గ చర్మంతోనే ఉంటుంది, పుర్రె ఎముకకు ఇంకా అతుక్కోదు, కాబట్టి గాయం చిన్నదవుతుంది. నెలలు గడిచిన కొద్దీ పుర్రెలోని గాలి గది కొమ్ములోకి పాకుతుంది. అప్పుడు కోస్తే ఆ గది నోరు తెరుచుకుంటుంది. చిన్న వయసు వల్ల దక్కేది చిన్న గాయం. నొప్పి లేని గాయం కాదు. పసిదూడల్లో కూడా కాలిన చోట కొత్త చర్మం కప్పడానికి వారాలు పడుతుందని, అన్నాళ్లూ అక్కడ తాకితే నొప్పి ఎక్కువగానే ఉంటుందని కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు.

‘రక్తం రాలేదు కదా.’ విత్తనాలు కొట్టే విషయంలో ఈ మాట ఎక్కువగా వింటాను. ఇటలీలో తయారై, తయారుచేసిన బర్డిజో గారి పేరే మిగిలిపోయిన ఆ పట్టకారు శతాబ్దానికి పైగా మన సంచుల్లో ఉంది. చర్మం తెగదు, చీము పట్టే భయం తక్కువ, ఈగలు వాలవు. ఈ లాభాలన్నీ నిజమే. కానీ చర్మం కింద వీర్యనాళాన్నీ, రక్తనాళాలనూ, వాటితో పాటు నరాలనూ నలిపేసే పని అది. కోడె నడుము వంచి కాళ్లు ముడుచుకోవడం చూసి కూడా, నేల మీద చుక్క రక్తం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం విచిత్రం. రక్తం అందకుండా విత్తనాల పైన బిగించే రబ్బరు రింగు సంగతీ అంతే. రింగు వేసిన గొర్రెపిల్ల మొదటి గంటలో ఎన్నిసార్లు పడుకుని లేస్తుందో, ఎన్నిసార్లు కాలు నేలకేసి కొడుతుందో నిలబడి చూడండి. దూడల్లో అయితే రింగు కింది భాగం ఎండి రాలేదాకా వారాల తరబడి పుండు సలుపుతూనే ఉంటుంది. వృషణంలోకో, పైన నాళం దగ్గరో లిగ్నోకైన్ ఎక్కించడం మనలో ఎవరికి రాదు? చేయడం లేదు, అంతే.

‘అంత సమయం ఎక్కడుంది?’ దీనికి మాత్రం సానుభూతితోనే జవాబు చెబుతాను, ఎందుకంటే రోజుకు ఎన్ని చోట్లకు తిరగాలో నాకు తెలుసు. కంటి బయటి మూలకూ కొమ్ము మొగ్గకూ నడుమ బొటనవేలితో తడిమితే ఒక ఎముక గట్టు తగులుతుంది. ఆ గట్టు కింది అంచున, సగం దూరంలో, సూదిని గట్టు కిందికి పోనిచ్చి, రక్తనాళంలో లేమని వెనక్కి లాగి చూసుకుని, రెండు శాతం లిగ్నోకైన్ అయిదు మిల్లీలీటర్ల వరకు ఎక్కించాలి. రెండు వైపులకూ కలిపి ఒక నిమిషం పని. తర్వాత అయిదు నుంచి పది నిమిషాలు ఆగాలి. మనం ఓడిపోయేది ఇక్కడే. మందు ఎక్కించి వెంటనే ఇనుము అందుకుంటే మందు వేసినట్టే గాని మత్తు ఇచ్చినట్టు కాదు. పది దూడలుంటే పదింటికీ వరసగా మందు ఎక్కించి మళ్లీ మొదటి దూడ దగ్గరికి రండి. ఆగాల్సిన సమయం అందులోనే గడిచిపోతుంది. రెండే దూడలుంటే ఆ కాసేపట్లో రైతుతో మాట్లాడండి, మిగతా పశువులను చూడండి. మత్తుకు కంటి పైరెప్ప వాలగానే పని జరిగిందనుకోకండి. మొగ్గ చుట్టూ సూదితో గుచ్చి చూడండి. దూడ తల లాక్కుంటే ఇంకో రెండు మిల్లీలీటర్లు వేసి ఇంకాస్త ఆగండి.

మేకపిల్లల దగ్గర ఇదే లెక్క పనికిరాదు. వాటి కొమ్ముకు రెండు నరాలు వస్తాయి, ఒకటి కంటి వెనక నుంచి, మరొకటి కంటి లోపలి మూల పై నుంచి. రెండింటికీ మత్తు పడాలి. వాటి శరీరం చిన్నది, లిగ్నోకైన్ కాస్త ఎక్కువైతే వణుకూ మూర్ఛా వస్తాయి, కాబట్టి బరువు చూసి మోతాదు లెక్కగట్టి, మందును పలచన చేసుకోవాలి. పుర్రె పలచన కాబట్టి ఇనుము ఎక్కువసేపు పెడితే వేడి మెదడు దాకా పోతుంది. మేకపిల్లల కొమ్ములు కాల్చడం దూడ పనికి చిన్న రూపం అనుకునే వారి చేతిలో చచ్చిన పిల్లల లెక్క ఎవరూ రాయలేదు.

ఏ మందు అనే దగ్గర మన ఉపఖండానికి ఒక చేదు పాఠం ఉంది. కళేబరాలను తిని శుభ్రం చేసే రాబందులు దక్షిణాసియాలో దాదాపుగా తుడిచిపెట్టుకుపోవడానికి కారణం పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందేనని 2004లో పాకిస్థాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. ఆ మందు ఉన్న కళేబరాన్ని తిన్న పక్షులకు మూత్రపిండాలు పాడైపోయాయి. 2006లో భారత్, పాకిస్థాన్, నేపాల్ పశువైద్యంలో దాన్ని నిషేధించాయి. నేను పైన చెప్పిన కీటోప్రొఫెన్ కూడా రాబందులకు విషమేనని తర్వాత తెలిసింది. భారత్ 2023లో దాన్నీ, ఎసిక్లోఫెనాక్‌నూ పశువులకు నిషేధించింది. మెలోక్సికామ్ మాత్రం రాబందుల మీద పరీక్షించి హాని లేదని తేల్చిన మందు. అందుకే రాబందులున్న ప్రాంతాల్లో ఆ పేరే చెబుతున్నాను. దూడ నొప్పి తీర్చబోయి ఆకాశాన్ని ఖాళీ చేయకూడదు కదా.

ఇంతవరకు చెప్పినదంతా మీకు కొత్త కాదని నాకు తెలుసు. మరి ఎందుకు జరగడం లేదు? చట్టం లేకనా? చట్టాలు ఉన్నాయి, పాతవే. బ్రిటన్‌లో జంతువుల మత్తు చట్టం 1954 నుంచి ఉంది. భారత్‌లో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కొమ్ములు తీయడం, విత్తనాలు కొట్టడం, వాతలు వేయడం, ముక్కుతాడు వేయడం ‘నిర్దేశించిన పద్ధతిలో’ జరిగితే నేరం కాదంది. మత్తు ఇవ్వాలని చెప్పే నియమాలు మాత్రం 2023లో గాని రాలేదు. ఆరు దశాబ్దాలకు పైగా ఆ మినహాయింపు నిశ్చింతగా నడిచింది. న్యూజిలాండ్‌లో మొగ్గలు కాల్చడానికి స్థానిక మత్తు తప్పనిసరి అయింది 2019 అక్టోబరులో. జర్మనీ కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. మత్తు లేకుండా పందిపిల్లల విత్తనాలు కోయడం 2019 నుంచి ఆపాలని 2013లోనే చట్టం చేశారు. అయిదేళ్లకు పైగా గడువు ఇచ్చి, ఆ గడువు ముంచుకొచ్చాక, సిద్ధంగా లేమంటూ ఇంకో రెండేళ్లు వాయిదా వేసి, చివరికి 2021 జనవరి 1 నుంచి అమలు చేశారు. ఐరోపా సమాఖ్యలో పందిపిల్లల తోకలు అలవాటుగా కత్తిరించకూడదని నియమం ఉంది. ఫిన్లాండ్, స్వీడన్ తప్పిస్తే చాలా దేశాల్లో కత్తిరిస్తూనే ఉన్నారు. కాబట్టి చట్టం వచ్చాక చూద్దామనుకునే వారికి నా జవాబు: చట్టాన్ని పాక దాకా తీసుకెళ్లేది మనమే. మనం కదలకపోతే అది గెజిట్‌లోనే ఉంటుంది.

అసలు కారణం, నా అభిప్రాయంలో, మన వృత్తి ఈ పనులను చిల్లర పనులుగా చూడటం. గర్భాశయం మెలిక పడితే ఏ మత్తు ఎలా ఇవ్వాలో గంటల తరబడి చర్చిస్తాం. దూడ మొగ్గలు కాల్చడం సహాయకుడికి వదిలేస్తాం. విద్యార్థికి మొదటిసారి ఇనుము ఇచ్చేది కూడా మత్తు లేని దూడ మీదే. అతడు అక్కడ నేర్చుకునేది ఇనుము తిప్పడం ఒక్కటే కాదు, దూడ గింజుకోవడం మామూలే అన్న పాఠం కూడా. పట్టాతో పాటు ఆ పాఠమూ ముప్పై ఏళ్లు వెంట నడుస్తుంది.

అందుకని అధ్యాపకులను అడుగుతున్నాను. మీ పాకల్లో మత్తు లేని దూడ మీద విద్యార్థుల చేత ఈ పనులు చేయించడం ఈ సంవత్సరమే ఆపండి. నరానికి మత్తు పడిందో లేదో సూదితో పరీక్షించి చూపకుండా ఇనుము ముట్టుకోనివ్వకండి. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు పని ఎంత వేగంగా ముగించాడన్నదానికి కాకుండా, మర్నాడు ఉదయం ఆ దూడను మళ్లీ చూసి ఏం రాశాడన్నదానికి వేయండి. తన పని ఫలితాన్ని మర్నాడు చూసిన విద్యార్థి నొప్పి మందు మరిచిపోడని నా నమ్మకం.

మరో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ పని అసలు అవసరమా? కొమ్ము లేకపోవడం బలమైన లక్షణం, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు వచ్చినా చాలు. రెండు జన్యువులూ ఉన్న కొమ్ముల్లేని ఆబోతు వీర్యం వాడితే పుట్టే దూడలన్నీ కొమ్ముల్లేకుండానే పుడతాయి. కొమ్ములు తీయక తప్పని మందల్లో ఇనుము అవసరాన్నే తీసేసే దారి ఇది. మగ పందులకు కోత బదులు టీకాతో పని జరిపే పద్ధతి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. బ్రిటన్‌లో పందులను త్వరగా అమ్మేస్తారు కాబట్టి చాలావరకు విత్తనాలు తీయడమే లేదు. కోడిపిల్లల ముక్కులు కత్తిరించే చోట ఒక్కొక్క పిల్లకూ మత్తు ఇవ్వడం సాధ్యం కాదు, నాకు తెలుసు. అక్కడ ఒకదాన్నొకటి పొడుచుకోవడం తక్కువగా ఉండే జాతులు, తగినంత చోటు, గీరుకోవడానికి పొట్టు, వీటి గురించి మాట్లాడాలి. ఇవన్నీ ఏళ్లు పట్టే పనులు. మత్తు మాత్రం రేపు ఉదయమే ఇవ్వవచ్చు.

చివరగా, అసలైన చిక్కు. ‘నేను అడగకుండా వేస్తాను, సరే. ఫీజు విని రైతు నన్ను పిలవడం మానేసి, మందు లేకుండా చేసేవాడిని పిలిస్తే?’ ఇది నిజమైన భయం. చాలాచోట్ల ఈ పనులు చేసేది మనం కానే కాదు. రైతులే చేసుకుంటారు, లేదా చేయి తిరిగిన మనిషి ఎవరో ఊరూరా తిరిగి చేస్తాడు. వారి చేతికి లిగ్నోకైన్ పోకుండా కాపాడుకోవడం మన హక్కు అనుకుంటే ఆ దూడలకు ఎప్పటికీ మత్తు అందదు. న్యూజిలాండ్‌లో పశువైద్యుడి దగ్గర శిక్షణ తీసుకుని, ఆయన అనుమతితో రైతులే మత్తు ఇస్తున్నారు. జర్మనీలో పందిపిల్లలకు ఐసోఫ్లురేన్ అనే పీల్చే మత్తు ఇవ్వడానికి పరీక్ష రాసి ధ్రువపత్రం తీసుకున్న రైతులకు అనుమతి ఉంది. మందు దుర్వినియోగం అవుతుందన్న ఆందోళన తప్పు కాదు. దానికి మోతాదు పరిమితం చేసిన చిన్న సీసాలు, లెక్క రాసే పుస్తకం, ఏటా ఒకసారి పర్యవేక్షణ లాంటి మార్గాలున్నాయి. ఆ మనిషి ఈరోజు కూడా ఎక్కడో ఒక దూడను పట్టుకునే ఉంటాడు. అతనికి కొమ్ము నరం ఎక్కడుందో చూపించేవారే లేరు.

కాబట్టి సంఘాల బాధ్యులు మూడు పనులు చేయాలని కోరుతున్నాను. కొమ్ములు తీయడం, విత్తనాలు కొట్టడం, వాతలు వేయడం, తోక కోయడం లాంటి పనులను సాధ్యమైన ప్రతి చోటా మత్తు, నొప్పి మందు లేకుండా చేయడం వృత్తి ప్రమాణాలకు విరుద్ధమని మీ నియమావళిలో ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం ఉంటే తక్కువ ఫీజుకు మందు లేకుండా చేసే సహచరుడితో పోటీ పడాల్సిన అగత్యం ఎవరికీ ఉండదు. రెండోది, సహాయకులకూ, ఆసక్తి ఉన్న రైతులకూ నరానికి మత్తు ఇచ్చే శిక్షణను మీ ఆధ్వర్యంలో మొదలుపెట్టండి. మూడోది, ఆ శిక్షణ పొందినవారికి చట్టబద్ధంగా మందు అందే ఏర్పాటు కోసం ప్రభుత్వాలతో మీరే మాట్లాడండి. అది మన అధికారాన్ని తగ్గిస్తుందని కొందరు అభ్యంతరం చెబుతారు. చెప్పనివ్వండి, సమావేశంలో వారికి జవాబు చెప్పడానికి నేను వస్తాను.

ఈ మూడింటిలో దేనికి ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో, ఎందుకో బహిరంగంగా రాయమని మనవి.

ఇట్లు,
మీ తోటి పశువైద్యుడు